మామయ్య చెవిన పడ్డ వడ్రంగిపిట్ట

చెవి మిషన్లు తిరిగి ఇచ్చేయడానికి అదే ఆఖరి రోజు. పది రోజులు పెట్టుకుని చూడండి, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని షాపువాళ్ళు అన్నారు. మామయ్యకి మొదటి రోజే నచ్చలేదు. ముప్పై ఏళ్ళు రేకులు సాగగొట్టే షెడ్డులో సుత్తి పట్టి చెవులు పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు కుళాయి చప్పుడుకీ మిక్సీ మోతకీ సణుగుతూ ఇల్లంతా తిరిగారు. సాయంత్రం అయిదుకి షాపు మూసేలోగా ఇచ్చేసి వద్దామని పొద్దున్నే పేచీ మొదలుపెట్టారు.

నాకు ఒళ్ళు మండింది. వాటిని పెట్టించడానికి ఆరు నెలలు ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. మధ్యాహ్నం కారు తీస్తూ, దారిలో అడవి బాట ఉంది, కాసేపు నడిచి వెళ్దాం, అంతవరకూ చెవుల్లోంచి తియ్యకూడదని షరతు పెట్టాను. నేను ఆయన కోడల్ని, సిటీ బస్సు నడుపుతాను. స్టీరింగు నా చేతిలో ఉండగా నాతో వాదించి లాభం లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

చలి వెళ్ళిపోయింది, ఎండలు ఇంకా ముదరలేదు. చెట్ల నిండా లేత చిగుళ్ళు. మామయ్య మొహం ముడుచుకుని నడిచారు. ఎండుటాకుల మీద తన అడుగుల చప్పుడుకి తనే ఉలిక్కిపడి రెండుసార్లు వెనక్కి చూశారు. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

మలుపు దగ్గర కెమెరాల వాళ్ళు అయిదారుగురు మెడలు పైకెత్తి నిలబడ్డారు. వడ్రంగిపిట్ట గూడు తొలుస్తోందట. చప్పుడు వినబడుతోంది గాని ఏ చెట్టో గంట నుంచీ అంతు చిక్కడం లేదట. మామయ్య ఠక్కున ఆగిపోయారు. తల ఒక పక్కకి వాల్చి కళ్ళు మూసుకున్నారు.

"అది గట్టి కర్ర కాదు," అన్నారు. "రేకు వెనక ఖాళీ ఉంటే సుత్తి ఇలాగే మోగుతుంది. లోపల బోలుగా ఉన్న చెట్టు వెతకండి."

పది అడుగులు ముందుకి వేశారు, మూడు వెనక్కి వచ్చారు. ఆ తర్వాత చెయ్యెత్తి ఒక మోడు వైపు చూపించారు. తప్పయితే ఈ మనిషి ఇంక జన్మలో ఆ మిషన్లు ముట్టుకోడు. అంతలో మోడు అవతలి పక్క నుంచి ఎర్రటి తల బయటికొచ్చి, నోట్లోని చెక్కపొట్టు విదిలించి, మళ్ళీ లోపలికి దూరింది. కెమెరాలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. నేను ఆయన చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా గెంతాను. వాడికి పనితనం ఉందని మామయ్య పిట్టని మెచ్చుకున్నారు.

ఇక ఆయన్ని పట్టుకోవడం నా వల్ల కాలేదు. వాగు దగ్గర ఆగారు, తుమ్మెద వెంట పడ్డారు, ఇదేం పిట్ట, అదేం చప్పుడు అని నా ప్రాణం తీశారు. నాకు సంతోషంతో కాళ్ళు నేల మీద ఆనలేదు. చివరికి ఒక బెంచీ మీద కూర్చున్నాక, నెమ్మదిగా అన్నారు.

"ఇన్నేళ్ళూ మీరంతా నాతో మాట్లాడటం మానేశారనుకున్నానమ్మా. నాకే వినబడలేదన్నమాట."

అవునని తలూపితే సరిపోయేది. కానీ అరిచి చెప్పే ఓపిక లేక, అన్నానికి రమ్మని సైగ చేసి ఊరుకున్న రోజులు ఎన్నని. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"మానేశాం మామయ్యా," అన్నాను.

నాకు సిగ్గేసింది. అయిదవుతోంది, షాపు మూసేస్తారని గుర్తుచేశాను.

"మూస్తే మూయనీ," అన్నారు, బెంచీ మీద పక్కకి జరిగి. "కూర్చో. నిన్న నీ బస్సులో ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పు."