రూబీ పిల్లలు ఇద్దరు

హెలెన్ పెంచుకున్న జర్మన్ షెపర్డ్ రూబీ ఒక్క ఈతలో ఐదు పిల్లల్ని పెట్టింది. వాటిలో ఛాతీ వెడల్పుగా, ఎముక లావుగా ఉన్న మగపిల్లని హెలెన్ తన కోసం ఉంచుకుని సామ్సన్ అని పేరు పెట్టింది. పాల దగ్గర మిగతా వాటితో పోటీ పడలేక ఎప్పుడూ చివర మిగిలిపోయే ఇంకో బక్క మగపిల్లని కడియం నుంచి వచ్చిన సుప్రియ చేతిలో పెట్టింది.

"బతికితే నీ అదృష్టం" అని కూడా అంది.

అది బతికింది. సుప్రియ దానికి చంటి అని పేరు పెట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని దూదితో పాలు పట్టి పెంచింది.

హెలెన్ ధవళేశ్వరంలో ఉంటుంది. హైస్కూల్లో డ్రిల్లు టీచరు. రాజమండ్రిలో ఏటా జరిగే డాగ్ షోలో, కుక్క యజమాని మాట ఎంత బాగా వింటుందో చూసే పోటీ ఒకటి ఉంటుంది. మొదట రూబీతో, అది ముసలిదయ్యాక సామ్సన్‌తో, ఆ పోటీలో హెలెనే గెలుస్తూ వచ్చింది. కప్పులన్నీ హాల్లో ప్రభువు పటం కింద అలమరలో ఉంటాయి. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ భర్త రమేష్ బాబు మంచినీళ్ళ కంటే ముందు వాటినే చూపిస్తాడు.

సుప్రియ కడియంలో ఒక నర్సరీ వాళ్ళింటి కోడలు. ఆమెకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చంటి అక్కడ కాపలా కుక్క. తెల్లారగానే మొక్కల వరసలన్నీ చుట్టి రావాలి, కంచె దూరి వచ్చే పందుల్ని తరమాలి, లారీల దగ్గర కొత్తమనిషి కనిపిస్తే మొరగాలి. ఆ పని అయ్యాక ఆదివారం సాయంత్రాల్లో సుప్రియ దాన్ని వ్యానులో ఎక్కించుకుని ధవళేశ్వరం స్కూలు గ్రౌండుకి వచ్చేది. హెలెన్ దగ్గర కుక్కకి తర్ఫీదు ఇవ్వడం నేర్చుకునేది. పక్కన నడిపించడం, కూర్చోబెట్టడం, విసిరిన చెక్క డంబెల్‌ని అడ్డుకర్ర మీంచి దూకి నోట కరుచుకుని తెచ్చేలా చేయడం, అన్నీ హెలెన్ నేర్పినవే. ఫోనులో స్టేటస్ పెట్టినప్పుడల్లా సుప్రియ "మా గురువు హెలెన్ అక్క" అని రాసేది.

మొదట్లో అది చదివి హెలెన్ పొంగిపోయేది. ఎప్పటి నుంచో గాని, చదివీ చదవనట్టు పక్కకి జరపడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం ఇద్దరూ కుక్కల్ని పడుకోబెట్టి, "ఉండు" అని చెప్పి, స్కూలు వరండా వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. యజమాని కనబడకపోయినా కుక్క కదలకూడదు. అంతలో గ్రౌండులోకి మేకల మంద వచ్చింది. గోడ మీద కూర్చున్న రమేష్ బాబు అంతా చూస్తున్నాడు. సామ్సన్ లేచి నిలబడ్డాడు. చంటి పక్క నుంచే ఒక మేకపిల్ల గెంతుకుంటూ పోయింది. చంటి తోక కొన మాత్రం ఆడించి అలాగే పడుకున్నాడు.

"సుప్రియా! వీడు కుక్కేనా, లేక మీ నర్సరీలో అమ్మే సిమెంటు బొమ్మా?" అంటూ రమేష్ బాబు చప్పట్లు కొట్టాడు.

సుప్రియ పరిగెత్తుకుంటూ వచ్చి మోకాళ్ళ మీద కూలబడి చంటి మెడ చుట్టూ చేతులు వేసింది. వాడు ఆమె చెవి నాకాడు. హెలెన్ సామ్సన్ దగ్గరికి వెళ్ళి పట్టీ గట్టిగా గుంజి మళ్ళీ పడుకోబెట్టింది. ఇంటికి వెళ్తూ దారిలో భర్తతో, "నర్సరీ కుక్కలకి ఏముంది, మేకలూ పందులూ రోజూ చూస్తాయి" అంది.

ఆ చప్పట్లు ఆవిడ మనసులోంచి పోలేదు. వద్దనుకుని తను ఇచ్చేసిన పిల్ల అది. ఆ సంగతే ఎక్కువ గుచ్చుకుంది.

షోకి నెల ముందు జడ్జి భీమరాజు గారు ఫోన్ చేశారు. ఆయన సైన్యంలో కుక్కల విభాగంలో సుబేదారుగా చేసి రిటైరయ్యారు.

"అమ్మా, ఈసారి చెక్క డంబెల్ కాదు, స్టీలుది పెడుతున్నానండి. కుక్కలకి పళ్ళ కింద ఇనుము తగిలితే సహించదు. అలవాటు చేసుకోడానికి వ్యవధి ఉండాలి కదా. పోటీ వాళ్ళందరికీ మీరే చెప్పేయండి."

"అలాగేనండి" అంది హెలెన్.

పోటీలో ఉన్న వాళ్ళు కొద్దిమందే. అప్పటికప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పింది. చివరికి సుప్రియ నంబరు మిగిలింది. వేలు దాని మీదికి వెళ్ళి ఆగింది. ఆదివారం ఎలాగూ వస్తుంది కదా, అప్పుడు చెబుదాంలే అనుకుని ఫోన్ పక్కన పెట్టింది.

ఆదివారం సుప్రియ వచ్చింది. చెక్క డంబెల్‌తోనే చంటి చేత దూకించింది. పోయేముందు అడిగింది కూడా. "అక్కా, ఈసారి ఏమైనా మార్పులున్నాయాండీ?"

"ఏముంటాయి? ఎప్పుడూ ఉండేవే" అంది హెలెన్.

నోట్లోంచి మాట అంత నున్నగా వచ్చినందుకు ఆవిడకే ఆశ్చర్యం వేసింది. ఆ తరువాతి ఆదివారాలు ఇక అడగలేదు సుప్రియ. హెలెన్ చెప్పనూ లేదు.

ఈలోగా ఇంట్లో పెరటి తలుపు వేసుకుని సామ్సన్‌కి స్టీలు అలవాటు చేయడం మొదలుపెట్టింది. వాడు ముందు వాసన చూసి తల తిప్పేసుకున్నాడు. బలవంతాన నోట్లో పెడితే ఉమ్మేశాడు. హెలెన్ వాడి దవడ పట్టుకుని, పెదవి పళ్ళకి అదిమి, పట్టుకునేదాకా వదల్లేదు. వాడు సన్నగా మూలిగాడు.

"చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది హెలెన్" అన్నాడు రమేష్ బాబు గుమ్మంలోంచి.

"అలవాటు పడాలి కదా."

"ఎవరి మీదో కోపం వాడి మీద చూపిస్తున్నావు."

ఆవిడ సామ్సన్ నోటికి మళ్ళీ స్టీలు అందించింది. షో దగ్గరపడేసరికి వాడు పట్టుకోవడం నేర్చుకున్నాడు. ఆవిడ చేతిలో ఆ మెరుపు కనబడగానే చెవులు వెనక్కి వాల్చేయడం కూడా నేర్చుకున్నాడు.

షో రోజు రాజమండ్రి వెళ్ళడానికి సుప్రియ వ్యానులోనే బయల్దేరారు. రమేష్ బాబుకి ఆఫీసు పని ఉండి రాలేదు. కుక్కలు రెండూ వెనక సీటు తీసేసిన చోట ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. సుప్రియ దారంతా కబుర్లు చెబుతూనే ఉంది. హెలెన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఇప్పుడు చెప్పినా లాభం లేదు. ఆ రెండు మాటల మధ్యే గ్రౌండు వచ్చేసింది.

వంతు రాని వాళ్ళు కుక్కలతో గుడారం వెనకే ఉండాలి, లోపల జరిగేది కనబడదు. సామ్సన్ వంతు ముందొచ్చింది. పక్కన నడక బాగా చేశాడు. మేకలు లేవు కాబట్టి పడుకున్నచోటే ఉన్నాడు. డంబెల్ దగ్గరికి వచ్చేసరికి హెలెన్ స్టీలుది విసిరింది. వాడు దూకాడు, నోట పట్టుకున్నాడు, మళ్ళీ దూకాడు. తెచ్చాడు గాని నడిచి తెచ్చాడు. ముందుకొచ్చి కూర్చున్నాక, తీసుకోడానికి ఆవిడ చెయ్యి చాస్తే తల వెనక్కి లాక్కున్నాడు. భీమరాజు గారు దగ్గరికొచ్చి వాడి మొహం చూశారు.

"పని వచ్చు. కానీ భయంతో చేస్తున్నాడమ్మా" అన్నారు మెల్లిగా.

చంటి వంతు ఆఖరున వచ్చింది. అన్నీ తేలిగ్గా చేసుకుపోయాడు. అక్కడి మనిషి స్టీలు డంబెల్ తెచ్చి ఇవ్వగానే సుప్రియ ఆగిపోయింది.

"ఇదేంటండీ? చెక్కది కదా?"

"ఈసారి ఇదేనమ్మా."

సుప్రియ మొహంలో రంగు మారడం హెలెన్ పోటీ స్థలం గీత బయట నుంచి చూసింది. నెల రోజులుగా తను ఎదురుచూసింది ఈ క్షణం కోసమేనని అప్పుడు తెలిసింది. అయినా చూపు తిప్పుకోలేదు.

సుప్రియ విసిరింది. స్టీలు గట్టినేల మీద ఖణేల్మని పడింది. చంటి దూకాడు. ఒక్క క్షణమైనా వాసన చూడలేదు. నడుమ పట్టుకుని, తల ఎత్తి, తోక ఊపుకుంటూ పరుగున తెచ్చి సుప్రియ చేతిలో పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు.

మొదటి బహుమతి చంటికి వచ్చింది, రెండోది సామ్సన్‌కి. కప్పు ఇస్తూ భీమరాజు గారు, "కుక్కని ఎంత బాగా అలవాటు చేశావమ్మా ఇనుముకి! హెలెన్ గారు ఫోన్ చేసిన రోజు నుంచే ప్రాక్టీసు మొదలుపెట్టి ఉంటావు" అన్నారు.

సుప్రియ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. ఒకసారి హెలెన్ వైపు చూసింది. పక్కన ఫోన్ అందుకున్న మిగతావాళ్ళంతా ఉన్నారు.

"అవునండీ. అక్క చెప్పారండి" అంది.

చెంప మీద కొట్టినా హెలెన్‌కి ఇంత మంట ఉండేది కాదు. ఆ మంటలో కూడా, ఈ మాట తనైతే అనగలిగేది కాదని తోచి, దానిక్కూడా అసూయ పడింది.

తిరుగుదారిలో సుప్రియ మాట్లాడకుండా బండి నడిపింది. ఊరు దాటాక హెలెనే నోరు విప్పింది.

"ఎందుకు అబద్ధం చెప్పావు?"

"పదిమందిలో మిమ్మల్ని నిలబెట్టి అడగమంటారా? నాకు కుక్కని పట్టుకోడం కూడా రానప్పుడు నేర్పారు కదండీ." సుప్రియ గొంతు గట్టిగానే ఉంది. "మిగతావాళ్ళందరికీ చెప్పారా?"

"చెప్పాను."

"అయితే మర్చిపోయారని కూడా అనుకోడానికి లేదన్నమాట."

"మర్చిపోలేదు."

"మరి ఎందుకండీ?"

"కుళ్ళు సుప్రియా. దానికి వేరే పేరు లేదు."

సుప్రియ బండి పక్కకి ఆపింది. "నా మీదా? ఇంటర్‌తో చదువు మానిపించి పెళ్ళి చేశారు నాకు. మీకు ఉద్యోగం ఉంది, పేరుంది, ఇంటినిండా కప్పులున్నాయి. నాలో ఏం చూసి కుళ్ళుకున్నారండీ?"

హెలెన్ వెనక పడుకున్న కుక్కల వైపు తిరిగింది. "చంటిగాడు నీ మొహం వంక చూస్తాడు. మావాడు నా చేతిలో ఏముందా అని చూస్తాడు" అంది.

సుప్రియ గేరు వేసింది. బండి మళ్ళీ కదిలింది. కొంతదూరం పోయాక, "వాడికి ఇనుము కొత్తేమీ కాదు. మొక్కల్లో కలుపు తీసేటప్పుడు నా ఇనప బొరిగె వాడే నోట పట్టి మోసుకొస్తాడు. పొద్దుటే నాకంటే ముందు మడిలోకి పట్టుకుపోతాడు. ఎవరూ నేర్పలేదు" అంది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, "మీకు చెప్పేదాన్నే. నర్సరీలో వాడేం చేస్తాడో మీరెప్పుడూ అడగలేదు" అంది.

ఇంటి ముందు సామ్సన్‌ని దింపాక కిటికీలోంచి, "ఆదివారం రానండి, మేడమ్" అని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల మేడమ్ అని పిలవడం అదే మొదటిసారి.

ఆ రాత్రి హెలెన్ జరిగింది భర్తకి చెప్పింది. రమేష్ బాబు అంతా విని, "ముందు వీడి సంగతి చూడు" అని సామ్సన్ వైపు చెయ్యి చూపించాడు. వాడు పెరటి తలుపుకి దూరంగా, గోడ మూల పడుకున్నాడు.

మర్నాటి నుంచి ఆవిడ వాడికి ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. పొద్దుటే కాలవగట్టు మీదికి తీసుకెళ్ళి పట్టీ విప్పేసేది. "పో, ఆడుకో" అనేది. వాడికి ఆ మాట తెలియదు. ఎడం పక్కనే, కాలికి ఆనుకుని నడిచేవాడు. ఆవిడ ఆగితే కూర్చునేవాడు. కన్నీళ్ళు వచ్చేవి ఆవిడకి. తనే పరిగెత్తి చూపించింది, గట్టు దిగి నీళ్ళలో కాళ్ళు తడుపుకుంది. వాడు గట్టు మీద కూర్చుని ఆజ్ఞ కోసం చూస్తూ ఉండేవాడు.

సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున కాలవగట్టు మీద ఉండగా, సుప్రియ స్టేటస్‌లో విజయవాడ పోటీ బోర్డు కనిపించింది. చంటిని తీసుకుని వెళ్తోంది. బొమ్మ కింద గురువు పేరు ఎవరిదీ లేదు. హెలెన్‌కి మనసులో పాత కుళ్ళు అలాగే లేచింది. తగ్గుతుందేమోనని కాసేపు చూసింది. తగ్గలేదు. అప్పుడు ఫోన్ చేసింది.

"సుప్రియా, అక్కడ పోటీ గడ్డి మీద పెడతారు. పొద్దుటే మంచుకి తడిసి ఉంటుంది. చంటి ఎప్పుడూ గట్టినేల మీదే దూకాడు కదా, జారతాడు. ముందురోజే వెళ్ళి తడిగడ్డి మీద దూకించు. అడ్డుకర్ర ముందు ఒక అంగ ఎక్కువ వదులు."

అవతల నుంచి లారీలో మొక్కలు సర్దుతున్న వాళ్ళ కేకలు వినబడ్డాయి.

"సరేనండి. చేస్తాను" అంది సుప్రియ. వెంటనే పెట్టేసింది.

హెలెన్ ఫోన్ జేబులో వేసుకుని తల ఎత్తేసరికి పక్కన సామ్సన్ లేడు. కాలవలో మోకాలి లోతున నిలబడి, నీళ్ళ మీద తేలుతున్న గుర్రపుడెక్క మొక్కని నోటితో గుంజుతున్నాడు. అది ఊడి వచ్చి మొహం మీద పడితే ఉలిక్కిపడి వెనక్కి గెంతి, మళ్ళీ దాని మీదికి ఉరికాడు. స్కూలు గంట కొట్టే వేళ దగ్గరపడుతోంది. ఆవిడ పిలవలేదు. చెప్పులు విడిచి గట్టు మీద కూర్చుంది.