ఎర్ర మంగాబ గింజలు

ఒతావియో జీపు దిగుతూనే ఎర్మినియా పిన్ని మీద విరుచుకుపడ్డాడు.

"ఏమ్మా, ఉడకబెట్టిన గింజలు అంటగట్టావా? మూడు వందల్లో నాలుగంటే నాలుగు మొలిచాయి. అవీ కుళ్లిపోయాయి. కొన్నవాళ్లంతా నన్ను దొంగంటున్నారు!"

అతను సావోపాలోలో అరుదైన పండ్ల గింజలు అమ్ముతాడు. పిన్ని ఫోటో పెట్టి, ఈ ఊరి ఆడవాళ్లు మోసగత్తెలని ఫోనులో ఊరూరా చాటాడు. అది చూసి ఐస్‌క్రీము కొట్టువాడు ఈ వారం మా పళ్లు వద్దన్నాడు. బకెట్లు నిండుగానే ఉన్నాయి.

పిన్ని పళ్లు కోసే కొక్కెం కర్ర ఇసుకలో గుచ్చి తల దించుకుంది. మంగాబ పండు తిన్నచోటే గింజ ఉమ్మేయాలి, తోట దాటించకూడదు. అది పళ్లు ఏరుకునే మా ఆడవాళ్ల కట్టుబాటు. ఇంటి పైకప్పు రేకుల కోసం పిన్ని ఆ కట్టుబాటు తప్పి, అతనికి గింజలు అమ్మింది. అదీ, తోట మొత్తంలో ఎర్రగా కాసే ఒకే ఒక్క చెట్టు గింజలు. అందుకే తోటివాళ్లెవరూ ఆమె పక్షాన మాట్లాడలేదు.

ఆ గింజలు కడిగి, తడి ఇసుకలో కలిపి డబ్బాలో పెట్టింది నేను.

"ఇసుక ఏం చేశారు?" అన్నాను.

"పారబోశా. ఇసుక బరువుకు కూడా పోస్టు ఖర్చు కట్టమంటావా? శుభ్రంగా ఎండబెట్టి ప్యాకెట్లు కట్టా."

మాతో పళ్లు ఏరే జొవెలీనా పకపకా నవ్వింది. "చేపని ఎండబెట్టి, ఈదట్లేదని ఏడ్చాడే వీడు!"

"ఆరనివ్వొద్దని ఆ రోజే చెప్పాను," అన్నాను.

"నాకు వినపడలేదే!"

నిజమే. నా కాళ్లకేసి చూస్తూ చెప్పాను. అది గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

"మొలిచినవాటిని ఎందులో వేశారు?"

"నల్లమట్టి, ఆవు పేడ, రోజుకు రెండుసార్లు నీళ్లు. రాజభోగం!"

అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఎర్ర చెట్టు వెనక్కి లాక్కెళ్లాను. తోట దాటిన గింజలకు బదులుగా, ఆ రోజే అవే పళ్లలోంచి ఇరవై తీసి అక్కడి తెల్ల ఇసుకలో వేశాను. మొక్కలు జానెడు కూడా లేవు. ఒకదాని పక్కన తవ్వాను. మోచేతి దాకా దిగినా వేరు చివర తగల్లేదు.

"చూడండి! ఇవి మీరు ఉడికినవన్న గింజలే. ఏమీ దొరకని నేలలో వెతుక్కుంటూ దిగితేనే ఇది బతుకుతుంది. మీ పేడలో, నీళ్లలో కుళ్లక ఏమవుతుంది?" నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. కళ్లు మెరిశాయి. "ఇవి ఎంతకిస్తావు?"

"ముందు మా పిన్ని ఫోటో తీసెయ్యండి. గింజల్ని ఎండబెట్టి చంపింది మీరేనని రాయండి. ఇక్కడే, ఇప్పుడే."

ఆడవాళ్లు బకెట్లు దించి చుట్టూ నిలబడ్డారు. అతను రాశాడు. నేను పైకి చదివాను. రెండుచోట్ల దిద్దించాను.

"ఇక మొక్కలు?" అన్నాడు.

పిన్ని అప్పుడు తలెత్తింది. "పీకితే చచ్చిపోద్ది నాయనా. నువ్వెళ్లు."

సాయంత్రానికి ఐస్‌క్రీము కొట్టువాడి బండి వచ్చింది. పళ్లు తీసుకున్నాడు, అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

నాలుగో రోజుకు నేను తవ్వి చూపించిన మొక్క ఎండిపోయింది. పిన్ని ఒక ఎర్ర పండు తిని, గింజల్ని ఆ గుంటలోనే ఉమ్మి, కాలితో ఇసుక కప్పింది.

"గింజలిచ్చిన రోజే ఇంత గట్టిగా అరవాల్సింది పిల్లా," అంది.

నా కోపం ఇంకా చల్లారలేదు.