కొండవైపు కిటికీ

"సముద్రం వైపు ఇంకా రెండు సీట్లున్నాయండీ," అంది కౌంటరులో అమ్మాయి. పొరపాటున అడిగారేమోనని ఆమె సందేహం.

"వద్దు. అకజాకి స్టేషను ప్లాట్‌ఫారం కనబడే కిటికీ ఇవ్వండి," అంది మిత్సుయో.

"అది కొండవైపు వస్తుందండీ. దారంతా గోడలూ సొరంగాలే."

"ఫరవాలేదు."

ఆ విహార రైలు మత్సుయామాలో బయలుదేరి తీరం వెంట మెల్లగా వెళ్తుంది. ఎక్కేవాళ్ళంతా సముద్రం కోసమే ఎక్కుతారు. మిత్సుయోకి అక్క ముఖం చూడాలి. అంతే.

అమ్మ పోయింది సెప్టెంబరు పంతొమ్మిదిన. నలభై తొమ్మిదో రోజు కార్యక్రమం, సమాధిలో అస్థికలు పెట్టడం రేపు ఆదివారం. అక్క షిగెకోకి మిత్సుయో మూడు ఉత్తరాలు రాసింది. మొదటిది దహనం, దానికి సంబంధించిన తంతులూ అన్నీ ముగిసిన తరువాత రాసింది. మూడింటికీ జవాబు లేదు. ఫోను మోగి మోగి ఆగిపోయేది. నేరుగా వెళ్ళి తలుపు కొడదామంటే ధైర్యం చాలలేదు. పదకొండేళ్ళ క్రితం ఆ ఇంటి ముందే నిలబడి ఇద్దరూ నోరు పారేసుకున్నారు.

అప్పట్లో అమ్మ అకజాకిలో షిగెకో దగ్గరే ఉండేది. ఒక రోజు షిగెకో కొండ మీద కమలాలు కోస్తుంటే అమ్మ వంటగదిలో జారిపడింది. పూట గడిచినా ఎవరూ చూడలేదు. మర్నాడు మిత్సుయో కారేసుకుని వచ్చి, "నీకు అమ్మకన్నా కమలాలే ఎక్కువ," అంది. "అయితే తీసుకుపో. మళ్ళీ నా గుమ్మంలో కనబడకు," అంది షిగెకో. కారులో కూర్చున్నాక మిత్సుయో అమ్మ దగ్గర మాట తీసుకుంది. అక్క తప్పు ఒప్పుకునేదాకా ఆ ఇంటికి వెళ్ళకూడదని. అమ్మ కాసేపు కిటికీలోంచి చూసి, "సరే, ఆ ఇంటికి వెళ్ళను," అంది. అమ్మ మాటంటే మాటే.

మొన్న జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ షాపావిడ చెప్పింది. "మీ అక్కని చూశానండీ. ఆ రైల్లో వెళ్తుంటే అకజాకి ప్లాట్‌ఫారం మీద నిలబడి జెండా ఊపుతోంది. పసుపు ఏప్రన్ కట్టుకుని."

ఆ రైలు దారిలో ఉన్న ఊళ్ళన్నిటా ఇది మామూలే. రైలు వచ్చే వేళకి పొలంలో ఉన్నవాళ్ళు పారపట్టుకునే చెయ్యెత్తుతారు. బట్టలారేసేవాళ్ళు తడి చొక్కానే ఊపుతారు. అకజాకిలో రైలు ఆగదు. అయినా అయిదారుగురు చిన్న జెండాలతో వచ్చి నిలబడతారు. వాళ్ళని చూసి డ్రైవరు వేగం తగ్గిస్తాడు. అక్క ముఖంలో కాస్త మెత్తదనం కనిపించినా, తరువాతి స్టేషనులో దిగి మామూలు బండిలో వెనక్కి రావాలని మిత్సుయో ఆలోచన. కనిపించకపోతే అలాగే వెళ్ళిపోతుంది. రేపటి పని అక్క లేకుండానే జరుగుతుంది.

శనివారం ఉదయం రైలు నిండుగా ఉంది. నడవా అవతల, సముద్రం వైపు, అరవై దాటిన భార్యాభర్తలు కూర్చున్నారు. బండి కదిలీ కదలకముందే భర్త భోజనం పెట్టె మూత తీశాడు.

"ఇంకా ఊరు దాటలేదు. అప్పుడే మొదలెట్టావా?" అంది భార్య.

"చల్లారితే చేప బిళ్ళలు బాగుండవు."

"అవి పొద్దున్నే చల్లారే పెట్టెలోకి ఎక్కాయి. సముద్రం చూడు. డబ్బిచ్చింది దానికి."

"నోటితో చూడటం లేదుగా."

పళ్ళరసం గ్లాసు అందించడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయి. గుండెమీది బిళ్ళ మీద నినోమియా అని ఉంది. మిత్సుయో ముందున్న బల్ల మీద గ్లాసు పెడుతూ సీటు నంబరు చూసి ఆగింది.

"ఈ సీటులో ఎవరో కూర్చుంటారని పొద్దున జాబితాలో చూసి ఎంత సంతోషించానో తెలుసా అమ్మగారూ. మా బామ్మ వచ్చిందనుకున్నాను."

"మీ బామ్మా?"

"మా బామ్మంటే నా సొంత బామ్మ కాదు. మేమంతా కొండవైపు బామ్మ అంటాం. ప్రతి నెలా మొదటి శనివారం వస్తారు. అందరూ సముద్రం కోసం పోట్లాడుకుంటారా, ఆవిడొక్కరే అకజాకి ప్లాట్‌ఫారం కనబడే కిటికీ కావాలంటారు. నేను ఒకసారి అడిగాను, ఎందుకు బామ్మా, అటు గోడ తప్ప ఏముందని. సముద్రాన్ని ఎనభై ఏళ్ళు చూశానమ్మా, అది నన్ను ఒక్కసారైనా చూసిందా, అన్నారు."

మిత్సుయో గ్లాసు మీద చెయ్యి వేసింది. ఎత్తలేదు.

మొదటి శనివారం. అమ్మ ప్రతి నెలా స్నేహితురాలితో కలిసి దోగో వేడినీళ్ళ స్నానానికి వెళ్ళే రోజు. సంచిలో తువ్వాలు పెట్టుకుని వెళ్ళి, సాయంత్రం వచ్చి ఆ తువ్వాలు తీగ మీద ఆరేసేది. తువ్వాలు తడిసే ఉండేది. జుట్టు మాత్రం ఎప్పుడూ పొడిగానే ఉండేది. మిత్సుయో దాని గురించి ఏనాడూ ఆలోచించలేదు. స్టేషను కుళాయి కింద అమ్మ ఆ తువ్వాలు తడిపి పిండుతున్నట్టు ఇప్పుడు కళ్ళకు కట్టింది.

"అకజాకిలో ఆవిడకి ఎవరున్నారు?" అని అడిగింది.

"పసుపు ఏప్రన్ ఆంటీ. ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోరు, అద్దం తెరుచుకోదుగా. బామ్మ టోపీ తీసేస్తారు. ఆంటీ ప్లాట్‌ఫారం చివరిదాకా కిటికీ పక్కనే నడుస్తారు. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఇంతేనట." నినోమియా గొంతు తగ్గించింది. "కిందటి నెల బామ్మ రాలేదు. ఆంటీ కిటికీలన్నీ వెతికారు పాపం. ఆ తరువాతి వారం అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసుకొచ్చారు, బామ్మ ఎక్కలేదా అని. నేను లోపలినుంచి తల అడ్డంగా ఊపాను. ఆ పై వారమూ అదే అట్ట. జలుబు చేసుంటుంది, చలి మొదలైంది కదా అని మేం అనుకుంటున్నాం."

అంటే అక్కకి తెలియదు. మూడు ఉత్తరాలూ విప్పనే లేదు.

"నినోమియా గారూ," అంది మిత్సుయో. "ఆవిడ మా అమ్మ. సెప్టెంబరులో పోయింది."

ఆ అమ్మాయి పళ్ళెం ఛాతీకి హత్తుకుని అలాగే నిలబడిపోయింది. అంతలో ముందు పెట్టెలోంచి ఎవరో ఆమెని పిలిచారు. వంగి నమస్కరించి వెళ్ళిపోయింది.

రెండు సొరంగాలు దాటాయి. చీకటిపడ్డ అద్దంలో మిత్సుయోకి తన ముఖం కనిపించింది. వయసు మీదపడే కొద్దీ అమ్మ పోలికే వస్తోందని భర్త కోయిచి అంటుంటాడు. ఈ సీటులో ఈ ముఖం కనబడితే అక్క ఏమనుకుంటుంది? లేచి అవతలి వైపు వెళ్ళి నిలబడవచ్చు. ఖాళీ కిటికీ చూస్తే అక్క ఇంకో నెల ఆశపడుతుంది. పోనీ, ఆశపడనీ అని ఒక్క క్షణం అనిపించింది. ఆ వెంటనే, దహనం రోజున ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ బల్ల మీద పెట్టేసింది కూడా ఇలాంటి ఆలోచనతోనే అని గుర్తొచ్చింది.

మైకులో నినోమియా గొంతు వినిపించింది. "కాసేపట్లో అకజాకి వస్తుంది. ఎడమవైపు ప్లాట్‌ఫారం మీద ఊరివాళ్ళు మన కోసం ఎదురుచూస్తుంటారు. దయచేసి అందరూ..." మైకు కట్టేసి మళ్ళీ పెట్టింది. "అందరూ చెయ్యి ఊపండి."

సముద్రం వైపు వాళ్ళంతా లేచి ఇటు వచ్చారు.

"లెయ్, లెయ్. చెయ్యి ఊపాలట," అంది నడవా అవతలి భార్య.

"చేతిలో చాప్‌స్టిక్స్ ఉన్నాయే."

"వాటితోనే ఊపు."

రైలు నెమ్మదించింది. మొదట ఒక ముసలాయన, తరువాత కోడలికి గొడుగు పట్టిన అత్తగారు, వీపున పసిబిడ్డను కట్టుకున్న ఒక తల్లి. చివర పసుపు ఏప్రన్. అక్క జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. ఒక చేత్తో జెండా ఊపుతోంది, రెండో చేతిలో అట్టముక్క. కళ్ళు ఒక్కొక్క కిటికీనీ దాటుకుంటూ వస్తున్నాయి. ఈ కిటికీ దగ్గరికి రాగానే ముఖమంతా వెలిగింది. అట్టముక్క కిందికి దించేసింది. రెండడుగులు ముందుకేసింది.

తరువాత, కూర్చున్నదెవరో గుర్తుపట్టింది.

జెండా పట్టుకున్న చెయ్యి పైకెత్తినట్టే ఉండిపోయింది. మిత్సుయో లేచి నిలబడింది. చుట్టూ అందరూ చేతులు ఊపుతున్నారు. ఆమె రెండు చేతులూ తొడల మీద ఆనించి నడుము దాకా వంగింది. చావు ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి ఇంటివాళ్ళు వంగినట్టు.

"అందరూ చెయ్యి ఊపుతుంటే ఈవిడేమిటీ..." అన్నాడు చేప బిళ్ళలాయన.

"నోరు ముయ్యి," అంది భార్య, మెల్లగా.

మిత్సుయో తల ఎత్తేసరికి ప్లాట్‌ఫారం వెనక్కి వెళ్ళిపోయింది. అక్క కిటికీ పక్కన నడవలేదు. ఉన్నచోటే ఉంది.

తరువాతి స్టేషనులో దిగుతుంటే మిత్సుయో ముట్టుకోని రైలు భోజనం పెట్టెని నినోమియా గుడ్డలో కట్టి చేతికిచ్చింది. "బామ్మకి మేమంతా..." అంది. మిత్సుయో ఆమె చేయి నొక్కింది.

వెనక్కి వెళ్ళే ఒంటిపెట్టె బండి నలభై నిమిషాలకి వచ్చింది. అకజాకిలో ఆమె ఒక్కతే దిగింది. ఊరివాళ్ళంతా వెళ్ళిపోయారు. బెంచీ మీద షిగెకో కూర్చుని ఉంది. ఇంటికి వెళ్ళి వచ్చినట్టుంది. ఒళ్ళో మూడు కవర్లు, హడావిడిగా చించిన అంచులతో.

"పంతొమ్మిదినా?" అంది తలెత్తకుండానే.

"అవునక్కా. తెల్లవారుతూనే. నిద్రలోనే."

"ఈ ఉత్తరం మీద ఇరవై మూడు అని ఉంది."

"అన్నీ అయ్యాక రాశాను."

"ఎందుకని?"

మిత్సుయో నిలబడే చెప్పింది. "నువ్వొచ్చి అందరి ముందు గొడవ చేస్తావని."

"చేసేదాన్నే," అంది షిగెకో. "గట్టిగా చేసేదాన్ని. నీ చేతిరాత చూడగానే ఈ కవర్లని బియ్యం డబ్బా వెనక పడేశాను. మళ్ళీ నీతులు చెప్తుందని. నెలన్నరగా అమ్మ అక్కడ ఉంది, బియ్యం డబ్బా వెనక. నేను ఇక్కడ అట్టముక్క పట్టుకుని పిచ్చిదానిలా..."

కొండ మీద ఎవరో కమలాల పెట్టెలు దించుతున్న చప్పుడు.

"ఒకసారి దిగమని రాసి చూపించాను," అంది మళ్ళీ. "తల ఊపింది, కుదరదని. మాటిచ్చానని పై నెల కాగితం మీద రాసి చూపింది."

"నేనే తీసుకున్నాను ఆ మాట."

"నాకు తెలుసు నువ్వేనని. ఇంకెవరికొస్తుంది ఆ తెలివి?"

మిత్సుయో బెంచీకి ఆ చివర కూర్చుంది. షిగెకో జరగమనలేదు, జరగలేదు కూడా.

"రేపు అక్కా. పదకొండింటికి. రా."

షిగెకో కవర్లని ఒకదానిమీద ఒకటి పేర్చింది. అప్పుడు అడిగింది. "ఎముకలు ఏరేటప్పుడు నీకు ఎదురుగా ఎవరు పట్టుకున్నారు?"

బూడిదలోంచి ఒక్కో ఎముకనీ ఇద్దరు కలిసి చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని కుండలో వెయ్యాలి. ఒక్కరే పట్టుకోరు. దగ్గరివాళ్ళే పట్టుకుంటారు.

"ఆయన."

"మీ ఆయనా!" షిగెకో మొదటిసారి చెల్లెలి ముఖంలోకి చూసింది. "పదకొండేళ్ళలో అమ్మకి ఒక్కసారైనా టీ కలిపి ఇచ్చాడా?"

"లేదు."

"చాప్‌స్టిక్స్ మాత్రం పట్టుకున్నాడు." ఏప్రన్‌తో ముక్కు తుడుచుకుంది. "సమాధిలో పెట్టే ముందు కుండ మూత తియ్యాలి. ఒక్క ఎముక నేను పట్టుకోవాలి. అటు కొస నువ్వు పట్టుకో. నువ్వంటే ఇష్టమై కాదు. అమ్మకి మనమిద్దరమే కాబట్టి. అలాగైతే వస్తాను. లేకపోతే నీ దారి నీది."

"ఒకసారి మూసిన కుండ. గుడి గురువుగారు ఒప్పుకుంటారో లేదో."

"అడుగు. మాట తీసుకోవడం నీకు కొత్తా?"

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. మిత్సుయో సంచిలోంచి ఫోను తీసింది. ఈసారి బల్ల మీద పెట్టలేదు. అవతల గురువుగారు మొదట ఆచారం గురించి చెప్పారు. ఆమె అంతా విని, "గురువుగారూ, దహనం రోజున మా అక్కకి నేను చెప్పలేదండీ," అంది. "కావాలనే చెప్పలేదు." పక్కన కూర్చున్న మనిషి వింటుండగా అనడం కష్టమైంది. తరువాత ఆయన ఏదో అడిగారు. ఆమె అవునంది, ఇద్దరమేనంది, కృతజ్ఞతలు చెప్పి పెట్టేసింది.

"తొమ్మిదింటికి రమ్మన్నారు. మిగతావాళ్ళెవరూ రాకముందే. మనిద్దరినే."

"మరి మీ ఆయన?"

"బయట నిలబడతాడు."

"గంటసేపైనా?"

"గంటసేపైనా."

షిగెకో తల ఊపింది. కవర్లు ఏప్రన్ జేబులో పెట్టుకుని, రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు పెద్దగానే వచ్చింది. మిత్సుయో బెంచీ ఆ చివరనుంచి లేచి వచ్చి పక్కన కూర్చుంది. షిగెకో పొమ్మనలేదు.