పచ్చగా ఉన్న ఎర సాళ్ళు

విడవకుండా పట్టిన ముసురు ఆ పొద్దున కాస్త తెరిపిచ్చింది. చచ్చిన మొక్కల్ని చూసుకుందామని సంబరంగా పరిగెత్తాను. నవ్వకండి, నా ఉద్యోగమే అంత. ఎండబెట్టి దాచుకునే గింజ చిక్కుడు ఉంది చూశారూ, ఉక్కపోత వానల్లో దాని ఆకుల్ని మాడ్చేసే తెగులొకటుంది. దాన్ని తట్టుకునే రకాన్ని తయారు చేయడం నా పని. తెగులు రావాలని కోరుకుంటానని పరిశోధన కేంద్రంలో అందరూ నన్ను తెగులమ్మ అంటారు.

గేటు తీశాను. గుండె గుభేలుమంది. మడి మొత్తం పచ్చగా నవనవలాడుతోంది!

"శభాష్ తెగులమ్మా! ఒక్క ఆకు మాడలేదు," అన్నారు డైరెక్టరు గారు. అప్పటికే ఫోన్‌తో ఫొటోలు తీస్తున్నారు. "నీ ఎర్రగింజ రకం గెలిచింది. ఈ ఏడే రైతులకిచ్చేద్దాం."

ఆయన కళ్ళు ఎర్రగింజ మీదున్నాయి, నావి పక్క సాలు మీద. ప్రతి కొత్త రకం పక్కనా, తెగులుకు ఇట్టే లొంగిపోయే పాత రకం ఒక సాలు వేస్తాం. అది ముందు చచ్చి, పక్కవాటికి అంటించాలి. వాటినే ఎర సాళ్ళంటాం. ఎర బతికుందంటే పరీక్ష జరగనట్టే. ఇక్కడ ఎర సాళ్ళన్నీ నిక్షేపంలా ఉన్నాయి.

ఒక ఆకు తిప్పి చూశాను. అడుగున తెల్లటి మందు చార. ఆ ఆకు తెంపి పట్టుకుని పంపు గది వైపు నడిచాను.

మందు కొట్టే పంపు ఉండే గది తాళం మా అన్నయ్య దగ్గరే ఉంటుంది. వరసగా రెండేళ్ళు సొంత చేను ఇదే తెగులుకు బుగ్గయ్యాక ఇక్కడ కాపలా పనికి కుదిరాడు. ఎర్రగింజ సిద్ధమైతే మొదటి విత్తనాల సంచి నీకే అని నేనే మాటిచ్చాను.

గది గడప మీదే కూర్చుని ఉన్నాడు.

"అన్నయ్యా, మడికి మందు కొట్టావా?"

తల వంచుకున్నాడు. "కొట్టాను."

"మతి గానీ పోయిందా నీకు? కొంప ముంచావు కదా! అవి చావడానికే వేసినవని నీకు లక్షసార్లు చెప్పానా లేదా?"

"చెప్పావే. ఆకుల మీద బూజు అల్లుకుంటుంటే మన చేను గుర్తొచ్చింది. అట్లా చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు."

ఒళ్ళు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. 

"అయిందేదో అయింది," అన్నయ్య గొంతు తగ్గించాడు. "గెలిచిందని డైరెక్టరు గారే అంటున్నారుగా. ఎర్రగింజ మీద నీకూ నమ్మకమేగా. నోరు మూసుకుని ఆ సంచి ఇచ్చెయ్యవే. ఈ ఏడూ పంట లేకపోతే చేను అమ్ముకోవడమే నేను."

నిజం చెప్పొద్దూ, ఊగిసలాడాను. ఎర్రగింజకేమీ కాదని ఎవరడిగినా గుండె మీద చెయ్యేసుకుని చెప్పేదాన్ని. కానీ తీరా ఏమన్నా అయితే? మూడోసారి మాడిన చేలో అన్నయ్య పక్కన నిలబడే ధైర్యం నాకు లేదు. వెళ్ళి డైరెక్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ముఖం పాలిపోయింది. "ఈ వానలు దాటితే కౌలు గడువు అయిపోయి ఈ పొలం మనకుండదమ్మా. ఏం చేస్తావో చెయ్యి," అన్నారు.

మందు బలం తగ్గేదాకా ఆగాం. పక్క తోటల్లో మాడిన ఆకులు ఏరుకొచ్చి, నీళ్ళలో పిసికి వడగట్టాను. పంపు శుభ్రంగా కడిగి అన్నయ్య వీపుకే తగిలించాను. పచ్చటి మొక్కల మీద ఆ రోగపు నీళ్ళు కొడుతున్నంతసేపూ భుజంతో కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

మళ్ళీ ముసురు పట్టింది. తెరిపిచ్చిన పొద్దున ఇద్దరం కలిసి గేటు తీశాం. ఎర సాళ్ళు అనుకున్నట్టే మాడిపోయాయి. వాటి పక్కన ఎర్రగింజ, వాటికంటే ఘోరంగా, ఆకూ కాడా కలిసి నల్లగా నేలకంటుకుపోయి ఉంది.

బురదలోనే కూలబడ్డాను. ఒక కొమ్మ పట్టుకుంటే మెత్తగా చేతిలోకి ఊడొచ్చింది. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను.

"ఇదేనా?" అన్నాడు అన్నయ్య. "నాకిస్తానన్నది ఇదేనా?"

"ఇదే."

వంగి, మాడిన ఆకొకటి తెంపి చూశాడు. "అమ్మో! దీన్ని తీసుకెళ్ళి నా చేలో వేసుకునేవాణ్ణే!"

వేరే రకాల సాళ్ళలో ఏదో ఒకటి నిలిచుంటుందేమో, లేచి చూడాలని కూడా నాకనిపించలేదు. అన్నయ్యే నా రెక్క పట్టుకుని లేపాడు.

"లే, అవతల సాళ్ళు ఇంకా చూడలేదుగా. పద," అన్నాడు. మాడిన ఆకుల్ని తొక్కుకుంటూ తనే ముందు నడిచాడు.