మల్లేశ్వరి వేలి నీలం

ఆదోని కళాశాలలో తర్కశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన భారతికి, ఇచ్చే కానుకకు కూడా ఒక కారణం ఉండాలనే పట్టుదల ఉండేది. ఆమె కానుక ఇవ్వదలచిన పాత విద్యార్థిని మల్లేశ్వరి సెప్టెంబరులో పుట్టింది. పుట్టిన నెలకొక పువ్వునూ రాయినీ చూపే, ఫోనులో కనబడిన పట్టిక ఆ నెలకు ఆస్టర్ పువ్వునూ నీలాన్నీ చెప్పింది. ఆస్టర్ ఆదోని పూల అంగళ్లలో దొరకలేదు. దాని జాతిదే అయిన చామంతి బుట్టలకొద్దీ ఉంది గానీ, చామంతులు పట్టుకుని వెళ్లడం చిన్నతనమనిపించి, ఆమె వెండిలో పొదిగిన నీలపుటుంగరం కొన్నది.

ఎమ్మిగనూరులో మగ్గం మీద పట్టుచీరలు నేసే మల్లేశ్వరి ఆ ఉంగరానికి వెంటనే చెయ్యి చాచలేదు. నీలం శనిరాయి అనీ, పరీక్షించకుండా ధరించరాదనీ ఆ ఇంటి నమ్మకం.

“మూడు దినాలు దిండు కింద పెట్టుకోని సూస్తాను మేడమ్.”

“నా దగ్గర చదువుకున్నది ఇందుకేనా?” భారతి నవ్వింది. “ఇప్పుడే పెట్టుకో. రాత్రీ పగలూ తీయకు. ఏమీ జరగదని నువ్వే చూస్తావు.”

మల్లేశ్వరి పెట్టుకున్నది. మేడమ్ మాట కనుక మగ్గం ముందు కూర్చున్నప్పుడు కూడా తీయలేదు. అప్పుడు మగ్గం మీద ఉన్నది కూతురు హేమ సీమంతానికి నేస్తున్న గులాబీరంగు పట్టుచీర. ఎందరికో నేసిన ఆ చేతులు సొంత ఇంటి కోసం నేస్తున్న మొదటి పట్టుచీర అది.

ఆ చీర చూడాలని భారతి మళ్లీ వెళ్లిన రోజు మగ్గం చప్పుడు వినిపించలేదు. మగ్గానికి నిలువుగా బిగించిన పడుగు నడుమ పోగులు గుంపుగా తెగి వేలాడుతున్నాయి. మల్లేశ్వరి అత్త ఉచ్చీరమ్మ గడపలోనే మాట అందుకున్నది.

“రాండి మేడమ్, సూడండి. పొద్దున్నే శని సీర తినేసి పోయినాడు.”

“అత్తా, ఊరుకో.”

“యాడ ఊరుకుండేది? కడుపుతో ఉండే పిల్ల కట్టాల్సిన సీర! ఆ రాయి కాలవలో పారెయ్యే అంటే ఇనదు. మేడమ్ ఇచ్చిందంట, తియ్యొద్దనిందంట!”

ఉంగరం ఇంకా మల్లేశ్వరి వేలికే ఉంది. రాయిని పట్టి ఉంచే సన్నని వెండి పంటికి గులాబీరంగు పోగు ఒకటి చుట్టుకుని ఉంది. కారణం భారతికి తేటగా కనబడింది. పడుగు సర్దుతుండగా ఆ పన్ను పోగులను పట్టుకున్నది. చెయ్యి వెనక్కి లాగగానే అవి తెగాయి. నీలానికి బదులు గాజుముక్క పొదిగి ఉన్నా ఇదే జరిగేది. ఏ ఉంగరమైనా తీసిపెట్టి నేతకు కూర్చోవడం మల్లేశ్వరికి చిన్ననాటి అలవాటు. దాన్ని ఆపినది ఒక మాట.

ఆ సంగతి వెంటనే చెప్పవలసింది. కానీ నింద రాయి మీద ఉన్నంతసేపూ తన మీదికి పూర్తిగా రాదని ఆమె బుద్ధికి తోచింది.

“అవునమ్మా, కొందరికి నీలం పడదంటారు,” అన్నది.

మల్లేశ్వరి తల ఎత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఆశ్చర్యం మాత్రమే ఉంది.

“కాదు, ఉచ్చీరమ్మా,” అన్నది భారతి ఎట్టకేలకు. “రాయిది కాదు. ఉంగరం తగిలి పోగులు తెగాయి. తీయవద్దని పట్టుబట్టింది నేను. తప్పు నా మాటది.”

ఉచ్చీరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “శని అయితే శాంతి సేయిస్తాము. మాటకు ఏం సేయించాల మేడమ్?”

మల్లేశ్వరి ఉంగరం తీసి, దానికి చిక్కిన పోగును గోటితో విడదీసింది. పోగును తన దగ్గర ఉంచుకుని, ఉంగరాన్ని భారతి అరచేతిలో పెట్టింది.