ఆఖరి మలుపులో గుమ్మడికాయ

ఓబళప్ప ఎడమచేత్తో టైరు అంచు పట్టుకుని, కుడిమోకాలితో దాన్ని అదిమి, నైలాన్ తాడు ముడి బిగించాడు. రెండుసార్లు లాగి చూశాడు. ముడి కదల్లేదు. అయినా ఇంకోసారి లాగి, పక్క టైరుకు జరిగాడు. లాగి చూడకుండా ఏ ముడినీ నమ్మే మనిషి కాదతను.

రన్‌వే కొసన, కార్లు వెనక్కి తిరిగే మలుపు బయట, నడుమెత్తున పేర్చిన పాత లారీ టైర్ల గోడ అది. ఎవరి కారైనా అదుపు తప్పితే ఈ గోడే ఆపాలి. కట్టడం అయ్యాక ఓబళప్ప చీపురు తీసుకుని మలుపంతా ఊడ్చాడు. చిన్న గులకరాళ్ళను కూడా వంగి చేత్తో ఏరాడు. నడుము పట్టేసింది. తారు మీద చెప్పుల్లేకుండా నడిచి, అరికాళ్ళకు ఏమీ తగలడం లేదని తేల్చుకుని, అప్పుడు గేటు వైపు బయల్దేరాడు.

మనిషి పొట్టి. నెరిసిన మీసం, ఖాకీ చొక్కా, మోకాళ్ళ మీదికి మడిచికట్టిన పంచె. అరచేతుల గీతల్లో రబ్బరు నలుపు ఇంకిపోయి ఉంటుంది. నాగమ్మ పెళ్ళైన కొత్తలో ఆ చేతులకు సీకాయ, చింతపండు, బట్టల సబ్బు, అన్నీ పెట్టి రుద్దింది. చివరికి చేతులదే గెలుపని ఒప్పేసుకుంది.

బెంగుళూరు కలాసిపాళ్యంలో వెంకటరాయప్పగారి షెడ్డులో అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు అతికించే పనిలో అతని వయసంతా గడిచింది. పెద్దాయన పోయాక కొడుకు గిరీష్ వచ్చాడు. కొత్తరకం టైర్లు వచ్చి ఆ పని మూలపడింది. గిరీష్ విదేశీ కార్లకు టైర్లు తెప్పించే వ్యాపారంలో దిగాడు. ఆ కార్ల యజమానులకు ఒకటే దిగులు. విమానమంత వేగంతో పోయే బండి కొనుక్కుని, బెంగుళూరు గుంతల్లో ఆటోల వెనక పాక్కుంటూ పోవలసి వస్తోందని. ఇంత డబ్బు పోసి ఇంత దిగులు కొనుక్కునేవాళ్ళు ఉంటారని ఓబళప్పకు అప్పుడే తెలిసింది.

సర్జాపుర దాటాక, విమానాలు దిగడం ఎప్పుడో మానేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. గిరీష్ దాన్ని ఒక ఆదివారానికి అద్దెకు తీసుకున్నాడు. మొదటిసారి మూడే కార్లు. ఒక షామియానా, నాగమ్మ కలిపి పంపిన చిత్రాన్నం. కుక్కల్ని తరిమింది, రాళ్ళు ఏరింది, జెండా ఊపింది, అంతా ఓబళప్పే. జెండా అంటే నాగమ్మ పాత ఎర్రచీర కొంగు. ఒక కారు వెళ్ళి, తిరిగి షామియానా దాటేదాకా రెండోదాన్ని అతను కదలనిచ్చేవాడు కాదు. ఎంత గొప్పవాళ్ళైనా సరే, ఆ ఎర్రగుడ్డ దిగేదాకా స్టీరింగు పట్టుకుని కూర్చోవలసిందే. ఆ రోజుల్ని తలుచుకుంటే అతనికి ఇప్పటికీ ఛాతీ కాస్త పొంగుతుంది.

గిరీష్ తల్లి మాట మీద, ప్రతిసారీ ఒక బూడిదగుమ్మడికాయ కొట్టడం కూడా అతని పనే. దాన్ని మాత్రం గేటు బయట మట్టిలో కొట్టేవాడు. కొట్టిన ముక్కలు ఏరి ఆవులకు వేసేవాడు. ఒక ఆయుధపూజ మర్నాడు, నడిరోడ్డు మీద ఎవరో కొట్టి వదిలేసిన గుమ్మడి గుజ్జు మీద ఓబళప్ప తమ్ముడి స్కూటరు జారి, వెనక కూర్చున్న నాగమ్మ పడింది. విరిగిన మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఇప్పటికీ ఆమె బిందె ఎత్తాలంటే ఎడమచెయ్యే వాడుతుంది.

ఏళ్ళు గడిచేకొద్దీ షామియానా పోయి తెల్లటి గుడారాలు వచ్చాయి. కార్లు వరసలు కట్టాయి. కంపెనీల బ్యానర్లు, కెమెరాలు, అంబులెన్సు. ఈసారి వేరే ఊరి నుంచి నారింజరంగు జాకెట్లు వేసుకున్న కుర్రాళ్ళు జెండాలతో దిగారు. పోయిన నెల గిరీష్ అతన్ని పిలిచి, మొహం చూడకుండా చెప్పాడు.

"టైర్లు కట్టేసి గేటు కాడ ఉండప్పా. బండ్లు స్టార్ట్ అయినాక తారు మీదికి రావద్దు. ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోరు."

"నా జెండా?"

"ఇంట్లో పెట్టుకో అప్పా, గుర్తుకి."

ఓబళప్ప తల ఊపాడు. ఇంటికి వెళ్ళి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. చెయ్యి నరికినట్టుందని నాగమ్మతో అన్నాడు. ఆమె ఆ ఎర్రగుడ్డను ఉతికి, మడిచి, ట్రంకుపెట్టెలో పెట్టింది.

గేటు దగ్గర టిఫినుకు ఉప్పిట్టు పెడుతున్నారు. ఓబళప్ప ఆకుదొన్నె పట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. నిన్ననే దసరా అయింది. కార్లన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. వాటిలో కొత్తగా వచ్చిన పసుపుపచ్చ కారు ఒకటి మరీ పెళ్ళికొడుకులా ఉంది. ఆ ఇంటి డ్రైవరు బైరప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మీ బండికి పూజ బాగా చేసినట్టుండారే," అన్నాడు ఓబళప్ప. "గుమ్మడికాయ యాడ కొట్టినారప్పా? గేటు కాడ కనపడలే."

"గేటు కాడ ఎందుకన్నా? ఈడ అన్నిటికన్నా డేంజరు యాడుండాది అని అడిగింది మా అమ్మగారు. ఆ కడా మలుపు అని ఎవరో చూపించినారు. సరే అని బండి ఆడికే తోలుకపోయి, అయ్యోరితో దిష్టి తీయించి, కొట్టేసినాం. ఇబ్బుడే వస్తా ఉండాం."

"తారు మీదనా?"

"మల్ల ఇంకేడ కొడతారన్నా? అపాయం ఉండే తావులోనే కదా దిష్టి తీయాల్సింది."

"ముక్కలు ఎత్తేసినారా?"

"ఎత్తేదానికి టైము యాడిది? ఫోటోలాయన ఒకటే గలాటా."

ఓబళప్ప చేతిలో ఉప్పిట్టు అలాగే ఉండిపోయింది. తను చెప్పుల్లేకుండా నడిచి చూసిన తారు అది. కార్లు బ్రేకు వేసే చోటు అది. అక్కడ గుజ్జు మీద చక్రం పడితే టైర్ల గోడ కాదు కదా, కొండైనా ఆపలేదు. అంతలోనే మొదటి కారు గర్జించింది.

దొన్నె కింద పెట్టి లేచాడు. నారింజ జాకెట్టు కుర్రాడి దగ్గరికి పోయి తెలుగులో చెప్పాడు, కన్నడలో చెప్పాడు, చేతులతో గుండ్రంగా చూపించి, జారినట్టు కాలు ఈడ్చి చూపించాడు. కుర్రాడు నవ్వి, అంకుల్ అంటూ భుజం పట్టి వెనక్కి జరిపాడు. గిరీష్ గుడారంలో సూటువాళ్ళ మధ్య నిలబడి ఉన్నాడు. ఓబళప్ప చెయ్యెత్తి ఊపాడు. గిరీష్ చూశాడు. చూసి, కాసేపు ఆగమన్నట్టు అరచెయ్యి చూపించి, మళ్ళీ సూటువాళ్ళ వైపు తిరిగాడు.

కాసేపు ఆగడానికి అక్కడ ఏముంది? ఓబళప్ప చీపురు, ఖాళీ గోనెసంచి, తాడుముక్క తీసుకుని, కంచె పక్క కాలవ వెంబడి మలుపు వైపు నడిచాడు. సగం దారి నడక, సగం పరుగు. ఊపిరి అందడం లేదు. చెప్పిన మాట దాటుతున్నానన్న భయం ఒకపక్క ఉంది. ఈ ఉద్యోగం ఎటూ పోయేదేలే అన్న మొండితనం ఇంకోపక్క ఉంది.

అతను చేరేసరికి ఒక కారు మలుపు తిరుగుతోంది. దాని వెనకభాగం జర్రున పక్కకు ఊగి, ఎలాగో నిలదొక్కుకుంది. నడిపినవాడు అది తన ప్రతాపమే అనుకుని ఉంటాడు. తారు మీద తెల్లటి గుజ్జు, గింజలు, కుంకుమనీళ్ళు చక్రాల వెంట చారలుగా సాగాయి.

కారు దాటిపోగానే ఓబళప్ప తారు మీదికి దిగాడు. అతని లెక్క పాతదే. ఇది గుడారం దాటితేనే ఇంకోటి బయల్దేరుతుంది. పెద్దముక్కలు రెండు చేతులా ఎత్తి సంచిలో వేశాడు. ఇంకో కారు చప్పుడు వినగానే టైర్ల వెనక్కి తప్పుకున్నాడు. అది పోయాక మళ్ళీ దిగి గింజలు ఊడ్చాడు. దిష్టికని కాయలో పెట్టిన రూపాయి బిళ్ళ గుజ్జు మధ్య దొరికింది. దిష్టి రూపాయి ఎవరి ఇంటిది వాళ్ళ ఇంటికే ముట్టాలి. బైరప్పకు ఇచ్చెయ్యాలనుకున్నాడు. సంచి మూతి కట్టి, లాగి చూసి, గోడ పక్కన పెట్టాడు.

తడి మాత్రం మిగిలింది. తడి మీద పొడిమట్టి చల్లాలి.

గుడారం దగ్గర ఈలోగా ఫోటోల కోసం కార్లను రెండేసి జతలుగా, ఒకదాని వెనక ఒకటి పంపడం మొదలుపెట్టారు. ఈ ఏడాది పెట్టిన కొత్త పద్ధతి. సూటువాళ్ళు అడిగారు, గిరీష్ సరేనన్నాడు. గేటు దగ్గర ఉండేవాడికి ఇది చెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఎర్రకారు ఒకటి దాటిపోయింది. ఓబళప్ప దోసిలి నిండా మట్టి తీసుకుని, తారు మధ్యకు నడిచి, వంగి, తడి మీద సమంగా చల్లాడు. అరచేత్తో సర్దుతున్నాడు. రెండో కారు చప్పుడు అతనికి మొదటిదాని చప్పుడులాగే వినపడి ఉండాలి.

గుడారంలో ఉన్నవాళ్ళకు పెద్దగా ఏమీ వినపడలేదు. ఒక ఇంజను ఆగిపోయిందని మాత్రం తెలిసింది.

అంబులెన్సు వెళ్ళేసరికి అతను పోయాడు. పసుపుపచ్చ కారు టైర్ల గోడలోకి దూరి నిలిచి ఉంది. ముడి ఒక్కటీ తెగలేదు. నడిపిన కుర్రాడికి గోరంత దెబ్బ కూడా లేదు. తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తున్నాడు.

గిరీష్ వచ్చి ఓబళప్ప పక్కన కూలబడ్డాడు. చిన్నప్పుడు షెడ్డులో తనను టైరులో కూర్చోబెట్టి దొర్లించిన చేతులు మట్టితో నిండి ఉన్నాయి.

"ఇక్కడికెందుకు వచ్చినావప్పా?" అన్నాడు. "రావద్దని చెప్పినా కదా."

తారు శుభ్రంగా ఉంది. కాస్త పొడిమట్టి తప్ప చూడ్డానికి ఏమీ లేదు. పెద్దాయన కదా, చెవుడేమో అన్నారు ఎవరో. పండగ మర్నాడు కదా, తాగి ఉంటాడు అన్నాడు ఇంకొకాయన. ఇంతకుముందు వచ్చి ఏదో చెప్పాడని, తనకు అర్థం కాలేదని నారింజ జాకెట్టు కుర్రాడు చెప్పాడు.

బైరప్ప తన యజమానురాలి వెనక నిలబడి ఉన్నాడు. నోరు తెరిచాడు. ఆమె వెనక్కి తిరిగి అతన్నే చూసింది. బైరప్ప నోరు మూసుకుని, తలదించుకున్నాడు.

"నాగమ్మకి ఏం చెప్పేది?" అన్నాడు గిరీష్, ఎవరినీ చూడకుండా.

సాయంత్రానికి గుడారాలు విప్పారు, కార్లు లారీల మీద ఎక్కి వెళ్ళిపోయాయి. మలుపు దగ్గర, టైర్ల గోడకు ఆనించి గోనెసంచి ఒకటి మిగిలింది. దాని మూతికి బిగించిన నైలాన్ ముడిలో, పడిపోకుండా దోపిన కుంకుమ మరకల రూపాయి బిళ్ళ ఉంది.