ఆఫీసుకెళ్లిన ఫ్రిజ్జు

ఆ రోజు పొద్దున్న ఆ ఇంట్లో ఉన్నవాళ్లు: ఇన్‌స్పెక్టరమ్మ, వంటింటి గుమ్మం పక్కన పీట వేసుకుని, తడిగుడ్డ చుట్టిన చెంబు ఒళ్లో పెట్టుకుని బైఠాయించిన ఆమె అత్తగారు, ముందుగదిలో కుట్టుమిషను మీంచి తల ఎత్తని దర్జీ భర్త, బడికి వేళవుతున్నా చోద్యం చూస్తూ నిలబడిన కూతురు, ఆఫీసు బంట్రోతు, అతను వెంటబెట్టుకొచ్చిన తోపుడుబండివాడు. వీళ్లందరి నడుమ, గుమ్మంలో సగం లోపలికీ సగం బయటికీ ఇరుక్కుని, ఒక ఫ్రిజ్జు.

"పక్కకి వాల్చరా, పక్కకి!" అన్నాడు బంట్రోతు.

"వాల్చకండి బాబూ, లోపల శాంపిలుంది!" అంది ఇన్‌స్పెక్టరమ్మ. ఆ మాట చెప్పి చెప్పి అప్పటికే ఆమె గొంతు బొంగురుపోయింది.

"పెద్దసారు తెమ్మన్నారు మేడమ్. నన్నేం చెయ్యమంటారు?"

"నా ఇన్సులిన్ మాత్రం ముందే తీసి పెట్టుకున్నాలే," అంది అత్తగారు చెంబు తట్టి చూపిస్తూ. "కోడలి ఉద్యోగం పుణ్యమా అని మందుకి కాపలా కాసే రోజొచ్చింది. ఒరే అబ్బాయ్, నీ పెళ్లాం ఆఫీసుకి మన మంచం కూడా కావాలేమో కనుక్కో."

దర్జీ మిషను చక్రం ఇంకాస్త గట్టిగా తిప్పాడు. ఇంట్లో గొడవ మొదలైనప్పుడల్లా ఆయనకు కుట్టుపని ముంచుకొస్తుంది.

ఆ పట్నంలోని హోటళ్లూ కొట్లూ బండ్లూ తిరిగి తిండి పదార్థాలు చూడటం, అనుమానం వస్తే శాంపిలు తీసి సీలు వేసి ప్రయోగశాలకు పంపడం ఇన్‌స్పెక్టరమ్మ పని. దేశంలో తిండి మీద నిఘా సరిగ్గా ఉందో లేదో తేల్చమని ప్రభుత్వం ఒక బృందాన్ని వేసింది. వాళ్లు ఊరూరా తిరిగి ఒక్కో ఆఫీసుకూ మార్కులు వేస్తున్నారు. ఆ రోజు వంతు వీళ్లది. వచ్చే అధికారి అడిగే ప్రశ్నల్లో ఒకటి, శాంపిళ్లు దాచడానికి ఆఫీసులో ఫ్రిజ్జు ఉందా అని.

లేదు. ఒకప్పుడు ఉండేది. అది ఎప్పుడో ప్రాణం విడిచింది. వెనక వరండాలో పడున్న దానిలో బంట్రోతు తన గొడుగూ టీ గ్లాసులూ పెట్టుకుంటున్నాడు. కొత్తది ఇమ్మని అడిగినప్పుడల్లా పైవాళ్లది ఒకటే పాట: మదింపులో లోపమని తేలితే మంజూరు చేస్తాం. అందుకే ఇన్‌స్పెక్టరమ్మ ఈ రోజు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది. పరీక్షకు కూర్చున్నవాళ్లంతా మార్కులు రావాలని మొక్కుకుంటారు. ఆమె ఆ ఒక్క ప్రశ్నకు సున్నా రావాలని మొక్కుకుంది. తీరా చూస్తే, లేని ఫ్రిజ్జును ఉందనిపించడానికి పెద్దసారు ఆమె ఇంటి ఫ్రిజ్జుకే ఎసరు పెట్టాడు.

ఆ సున్నా వెనక ఒక ఐస్‌క్రీం బండి ఉంది. బడి గేటు ముందు బండి పెట్టేవాణ్ని పిల్లలు ఐసు మామయ్య అని పిలుస్తారు. కిందటేడు అతని ఐస్‌క్రీం తిని పిల్లలు వాంతులు చేసుకుని ఆస్పత్రి పాలయ్యారు. ఇన్‌స్పెక్టరమ్మ శాంపిలు తీసి, ఆఫీసులో దిక్కులేక ఇంటి ఫ్రిజ్జులో దాచి పంపింది. అందులో విషక్రిములున్నాయని ప్రయోగశాల తేల్చింది. కోర్టులో ఐసు మామయ్య తరఫు లాయరు ఆమెను బోనెక్కించాడు.

"అమ్మా, ఈ శాంపిలుతో పాటు ఆ ఫ్రిజ్జులో ఇంకేమున్నాయి?"

"పాలు, కూరగాయలు."

"దాని తలుపు ఎవరెవరు తీస్తారు?"

"ఇంట్లో అందరం."

"మరి ఆ క్రిములు మావాడి ఐస్‌క్రీంలో పుట్టాయో, మీ వంకాయల్లో పుట్టాయో మీకెలా తెలుసు?"

కోర్టు హాలంతా గొల్లున నవ్వింది. కేసు కొట్టేశారు. ఆ తర్వాత ఆమె బడి ముందు నుంచి వెళ్తుంటే ఐసు మామయ్య గరిటె ఊపుతూ కేకేశాడు. "మేడమ్‌గారూ, మంచి వేడి మీదున్నట్టున్నారు! ఒక కప్పు తిని చల్లబడండి!"

ఈ వారం మళ్లీ పిల్లలు పడకేశారు. కూతురి పక్కన కూర్చునే పిల్ల ఇంకా ఆస్పత్రిలోనే ఉంది. నిన్న సాయంత్రం మళ్లీ శాంపిలు తీసి, సీలు వేసి, మళ్లీ ఇంటి ఫ్రిజ్జులోనే గడ్డకట్టించింది. ఈ సాయంత్రం బస్సులో ప్రయోగశాలకు పోవాలి. కోర్టులో మళ్లీ ఆ వంకాయల ప్రశ్నే వస్తుందని ఆమెకు తెలుసు. ఇంటి ఫ్రిజ్జులో దాచడం కనీసం ఇదే ఆఖరిసారి కావాలి.

చివరికి ఫ్రిజ్జు గుమ్మం దాటింది, పక్కకు వాలే దాటింది. వీధి చివర ఆఫీసు దాకా ఇన్‌స్పెక్టరమ్మ బండి వెనకే నడిచింది. చూసినవాళ్లు అమ్ముకుంటున్నారేమో అనుకున్నారు.

ఆఫీసులో ఇంకో తమాషా. ఫ్రిజ్జు ప్లగ్గు లావు, గోడ మీద సాకెట్టు సన్నం.

"పట్టట్లేదు సార్," అన్నాడు బంట్రోతు.

"కరెంటు పోయిందని చెబుదాం," అన్నాడు పెద్దసారు. పైకి చూశాడు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. "ఫ్యాను ఆపెయ్."

"సార్, ఫ్రిజ్జు లేదని రాస్తేనే కదా మనకిస్తారు?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"చూడమ్మా, లేదని రాస్తే ముందు నాకు మెమో వస్తుంది. ఆ తర్వాత ఎప్పటికో నీకు ఫ్రిజ్జు వస్తుంది. రిటైరయ్యే ముందు నా నోట్లో మట్టి కొట్టకు తల్లీ."

"శాంపిలు కరిగిపోతుంది సార్. పిల్లల ప్రాణాల మీదికొచ్చిన కేసు."

"ఒక్క పూటకి ఏం కొంపలు మునగవు. సాయంత్రానికి మీ ఫ్రిజ్జు మీ ఇంటికి, నీ శాంపిలు బస్సుకి."

మదింపు అధికారి వచ్చేసరికి అందరూ చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు. ఆయన సన్నగా, మర్యాదగా, ఊళ్లు తిరిగి తిరిగి అలిసిపోయినట్టు ఉన్నాడు. ఒక్కో ప్రశ్నా చదువుతూ, టిక్కు పెట్టుకుంటూ గది చివరికి వచ్చాడు.

"శాంపిళ్లకి ఫ్రిజ్జు ఉందా?"

"అది..." అని ఇన్‌స్పెక్టరమ్మ నోరు తెరిచేలోగా పెద్దసారు, "ఉంది సార్, భేషుగ్గా ఉంది! నువ్వెళ్లి సార్‌కి టీ చెప్పమ్మా," అన్నాడు.

ఆమె కదల్లేదు. అధికారి తలుపు తీశాడు. లోపల లైటు వెలగలేదు. నిమ్మకాయలు దొర్లుతున్నాయి. మధ్య అరలో మూతపెట్టిన స్టీలు గిన్నె ఒకటి పక్కకు ఒరిగి ఉంది.

"ఇదేమిటి?"

"అదీ శాంపిలే సార్," అన్నాడు పెద్దసారు తడుముకోకుండా.

అధికారి మూత ఎత్తి చూశాడు. "కూరలా ఉందే."

"కూరే సార్. వండిన పదార్థాలని కూడా వదలం."

అధికారి తల ఊపి, వండినవాటి మీద కూడా నిఘా ఉందని రాసుకున్నాడు. తర్వాత పై అర తెరిచి సీలు వేసిన కప్పు బయటికి తీశాడు. నిన్న రాయిలా ఉన్నది ఇప్పుడు ఆయన చేతిలో గులాబీ రంగు నీళ్లలా అటూ ఇటూ ఊగింది.

"సీలు చక్కగా ఉంది. చీటీ కూడా పద్ధతిగా రాశారు. ఎవరు రాశారు?"

"నేనే సార్. కానీ అది కరి..."

"చాలా బాగుందమ్మా," అని కప్పు లోపల పెట్టేశాడు.

భోజనం వేళయింది. "హోటల్లో వద్దులెండి సార్, మన కడుపులకి పడవు. ఇన్‌స్పెక్టరమ్మగారింట్లో ఏర్పాటు చేశాం," అన్నాడు పెద్దసారు. ఆ హోటళ్లన్నీ శుభ్రమేనని పొద్దున్నే సంతకం పెట్టి ఇచ్చింది ఆయనే. అధికారి మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు. "మంచి పని చేశారండీ. నేను బయట తిననే తినను."

ఇంట్లో వాళ్లకు వడ్డించింది అత్తగారే. అధికారి రెండు ముద్దలు తిని, "కాస్త చల్లటి నీళ్లుంటే..." అన్నాడు.

"చల్లటి నీళ్లెక్కడివి నాయనా!" అంది అత్తగారు. "ఫ్రిజ్జుని పొద్దున్నే మీ ఆఫీసుకి ఎత్తుకుపోయారుగా. ఎవరో పరీక్షకొస్తున్నారట, వాళ్లకి చూపించాలట. రాత్రి మిగిలిన కూర గిన్నె కూడా దాంతోనే పోయింది. ఆ వచ్చేవాడెవడో గానీ, నా కూర తిన్నాడేమో కనుక్కుని చెప్పు."

పెద్దసారుకు పొలమారింది. ముందుగదిలో మిషను చప్పుడు టక్కున ఆగింది. ఇన్‌స్పెక్టరమ్మ, కాపురానికి వచ్చినప్పటినుంచీ మొదటిసారి, అత్తగారి నోటికి మనసులో దండం పెట్టుకుంది. అమ్మయ్య, బయటపడింది. ఇక కాదనేవాడెవడు?

అధికారి ఎడమచేత్తో కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. "అంటే ఆ ఫ్రిజ్జు మీ సొంతమా అమ్మా?"

"అవును సార్! ఆఫీసుకి లేదు. లేనే లేదు. 'లేదు' అని రాయండి."

"ఎంత అంకితభావం!" అన్నాడు అధికారి. ఆయన గొంతులో వెటకారం ఏ కోశానా లేదు. "సిబ్బంది సొంత వస్తువులతో లోటు పూడ్చుకుంటున్నారని రాస్తాను. దీనికి వేరే మార్కులున్నాయి. మిగతా ఆఫీసులు కూడా ఇలాగే చెయ్యాలని సిఫారసు చేస్తాను."

"మా మేడమ్ ఎప్పుడూ అంతే సార్," అన్నాడు పెద్దసారు, దగ్గు తగ్గించుకుని.

"అయితే ఇక ఫ్రిజ్జు వెనక్కి రాదా?" అంది అత్తగారు.

ఇన్‌స్పెక్టరమ్మ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆఫీసుకు పరుగెత్తింది. కప్పు పట్టుకుని ఆమె తిరిగి వచ్చేసరికి అధికారి చెయ్యి కడుక్కుని కారెక్కుతున్నాడు. ఆమె కారు తలుపు పట్టుకుంది.

"సార్, దీన్ని చూడండి. నిన్న ఇది గడ్డ. మీకు చూపించడానికి ఫ్రిజ్జు మోసుకెళ్లడం వల్ల కరిగిపోయింది. ఇక ఇది కోర్టులో చెల్లదు. రేపు వాడు మళ్లీ బడి ముందు బండి పెడతాడు. నాకు మార్కులొద్దు. 'లేదు' అని ఒక్క మాట రాయండి చాలు."

ఆయన కప్పు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఒకచోట రాశానమ్మా. లేదనే రాశాను. దేశం మొత్తం మార్కులు తగ్గుతాయి, మన సరుకు బయటి దేశాల్లో ఎవడూ కొనడు అని, మళ్లీ చూసి రమ్మని నన్ను వెనక్కి పంపారు. వెళ్లాను. అప్పటికీ లేదు. మళ్లీ పంపారు. ఉంది అని వచ్చేదాకా పంపుతూనే ఉంటారు."

"ఆఖరికి ఏం చేశారు?"

"వాళ్లు ఎక్కడినుంచో ఒకటి తెచ్చిపెట్టారు. నేను రాశాను."

"ఎవరి ఇంట్లోంచి సార్?"

ఆయన సీట్లో కూర్చున్నాడు. లోపల పెద్దసారు బంట్రోతును కేకేసి, ఆఫీసులో ఫ్రిజ్జుకు సరిపడే సాకెట్టు పట్టుకురమ్మని పంపిస్తున్నాడు.

"పోనీ ఇదొక్కటి రాయండి సార్. శాంపిలు కరిగిందని. మీ కళ్లతో చూశారుగా?"

"నా ప్రశ్నల్లో సీలు ఉందా అనే ఉందమ్మా. కరిగిందా అని లేదు," అన్నాడాయన. "చెయ్యి తియ్యండి, నలుగుతుంది."

ఆమె తియ్యలేదు. ఆయన ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా, చాలా మర్యాదగా విడదీసి, తలుపు వేసుకున్నాడు.